ఫిలిన్న వడికిన నూలు

ఫిలిన్న వడికిన నూలు తెగదు. ఈ సంగతి ఊరందరికీ తెలుసు, ఎందుకంటే ఆవిడే అందరికీ చెప్పేది. కొనడానికి వచ్చినవాళ్ళు ఒక పోగు లాగి చూడబోతే చేతిలోంచి లాక్కునేది.

"లాగి చూసేదానివి నా గడప ఎందుకు తొక్కావే? పక్కవీధి గ్లూకెర దగ్గరికి పో. దాని నూలు లాగక్కర్లేదు, ఊరికే చూసినా తెగుతుంది."

మొగుడు రాతిగనిలో బండ కింద నలిగి పోయినప్పటి నుంచి కూతురు మిక్కని ఆ కదురుతోనే పెంచింది. రేవులో వలలకీ, పెళ్ళికూతుళ్ళ మేలిముసుగులకీ, కోటలో దుప్పట్లకీ ఆవిడ నూలే. ఆస్తి లేదు, అందం ఎప్పుడూ లేదు. ఉన్నదల్లా ఆ పేరు. దాన్ని చూసుకుని కాస్త ఎక్కువే మిడిసిపడింది, నిజమే. కానీ కోటలోవాళ్ళ మిడిసిపాటు ముందు ఇదెంత?

కోటలో ఇద్దరు అన్నదమ్ములు. పెద్దవాడు దమాసోస్, రాజు. వానలు లేని రెండో ఏడు అతను ఊళ్ళో బార్లీ అంతా కొట్లలో పోయించి, సైన్యానికి కావాలని తలుపులు మూయించాడు. తమ్ముడు లికోన్ ఆ తలుపులు పగలగొట్టించి గింజలు ఊరికి పంచాడు. మంచిపనే. ఫిలిన్న ఇంట్లో కూడా ఆ గింజలతోనే గంజి కాచుకున్నారు. అయితే పంచినవాడు అంతటితో ఊరుకోలేదు. "మా అన్నకి రాజదండం పట్టుకోవడం వచ్చుగానీ తిండి పెట్టడం రాదు" అని బజారులో నలుగురి ముందూ అన్నాడు. ఆ ఒక్క మాటతో వ్యవహారం చెడింది. దొంగనని ఒప్పుకుని కాళ్ళమీద పడితే వదిలేస్తానన్నాడు అన్న. ఆకలికి పెట్టినవాడు దొంగ ఎలా అవుతాడన్నాడు తమ్ముడు. భటులు వస్తుంటే కొండమీది అథీనా అమ్మవారి గుడికి పరుగెత్తి, విగ్రహం పాదాలు పట్టుకుని కూర్చున్నాడు.

అమ్మవారిని పట్టుకున్న మనిషిని ఎవరూ ముట్టుకోకూడదు, రాజైనా సరే. ముట్టుకోకూడదన్నారు గానీ తిండి పెట్టమని ఎవరూ అనలేదు కదా. రాజు గుడి చుట్టూ కాపలా పెట్టి ఊరుకున్నాడు. నాలుగు రోజులు గడిచాక ఊరి పెద్దలు ఒక దారి చెప్పారు. విగ్రహం పాదాలకి నూలు కట్టాలి. ఆ నూలు ఉండ పట్టుకుని, విప్పుకుంటూ లికోన్ బజారు దాకా దిగిరావాలి. అక్కడ పెద్దల ముందు విచారణ. నూలు తెగనంతసేపూ అతను అమ్మవారిని పట్టుకున్నట్టే. నూలు సిద్ధమయ్యేదాకా నీళ్ళూ అత్తిపళ్ళూ పంపడానికి రాజు ఒప్పుకున్నాడు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం రాజమాత క్రతేయ నడుచుకుంటూ ఫిలిన్న ఇంటికి వచ్చింది. వెంట దాసీ కూడా లేదు.

"గుడి నుంచి బజారుకి ఎన్ని అడుగులే?"

"ఎనిమిది వందలు, అమ్మగారూ. మలుపులు కలుపుకుంటే ఇంకో వంద."

"తెగదు కదా?"

ఇంకెవరైనా ఆ మాట అని ఉంటే ఫిలిన్న గడప దాటించి ఉండేది. "నా చెయ్యి తెగాలి గానీ నూలు తెగదు, అమ్మగారూ" అంది.

"ఒకడు వంగడు, ఇంకొకడు వదలడు. ఇద్దర్నీ నేనే కన్నాను. వాళ్ళ నాన్నా ఇంతే. ఆ మొండితనానికే పాలిచ్చి పెంచాను, ఇంకెవరిని అనను?" అంటూ ముసలావిడ వంగి ఫిలిన్న మోకాళ్ళు పట్టుకుంది. రాజుని కన్న తల్లి మోకాళ్ళు పట్టుకుంటే ఎవరు కాదనగలరు? ఫిలిన్న ఆవిణ్ణి లేవదీసింది.

తొలిసారి కత్తెర పడిన గొర్రెపిల్లల ఉన్ని తెప్పించి ఆరు రోజులు వడికింది. మూడు పేటలు కలిపి పురి పెట్టింది. ఒకరు లాగి చూస్తేనే ఒప్పుకోని మనిషి, ఇప్పుడు తనే జానా జానా లాగి చూసుకుంది. నిండు నీళ్ళకుండ కట్టి వేలాడదీసింది. కుండ ఊగింది గానీ నూలు తెగలేదు.

ఏడో రోజు పొద్దున విగ్రహం పాదాలకి ముడి తనే వేసింది. లికోన్ ఉండ అందుకుని, "నీ గిరాకీల్లో నా అంత బరువైనవాడు ఎవడూ ఉండడులే, ఫిలిన్నా" అన్నాడు. నవ్వడానికి అతని దగ్గర ఓపిక లేదు. గుడిమెట్ల మీద నిలబడి, నూలుని రెండు వేళ్ళ మధ్య వదులుగా పట్టుకుని, ఫిలిన్న అతని నడకని వేళ్ళతోనే కనిపెట్టింది. నూలు బిగుతుగా సాగుతూ ఉంది. మొదటి మలుపు దాటాడు. రెండో మలుపు దాటాడు. ఉన్నట్టుండి వేళ్ళ మధ్య నూలు వదులైపోయింది.

తర్వాత కింది నుంచి కేకలు వినిపించాయి. నూలు తెగిందనీ, అమ్మవారు అతన్ని వదిలేసిందనీ భటులు అరుస్తున్నారు. వెంటనే రాళ్ళు పడుతున్న చప్పుడు. ఫిలిన్న నూలు చుట్టుకుంటూ కిందికి పరుగెత్తింది. రెండో మలుపులో, కాపలావాళ్ళు నిలబడే గోడ పక్కన కొస దొరికింది. తెగిన నూలైతే కొస పీచు లేస్తుంది, పురి విడిపోతుంది. ఈ కొసలో మూడు పేటలూ ఒకేచోట, కత్తితో కోసినట్టు నున్నగా ఉన్నాయి. కోసినట్టేమిటి, కోశారు.

అమ్మవారి రక్షణలో ఉన్నవాణ్ణి చంపారని ఊరు గొణిగింది. అందుకని మర్నాడు దమాసోస్ పెద్దలందరినీ కోటకి పిలిపించి, వాళ్ళ ముందుకి ఫిలిన్నని రప్పించాడు. అవతలి గదిలో మగ్గం దగ్గర మిక్క కనిపిస్తోంది. కోటలో నేతపనికి కుదిరి అప్పటికి ఏడాది.

"నీ కూతురు బాగా నేస్తోంది. మంచి చేతులు" అన్నాడు రాజు, నెమ్మదిగా. "ఏ చేతికి ఎప్పుడేమవుతుందో చెప్పలేం. సరే, నూలు ఎలా తెగిందో వీళ్ళకి చెప్పు."

కొస ఫిలిన్న కొంగు ముడిలోనే ఉంది. ముడి విప్పితే చాలు, గుడ్డివాడు తడిమినా తెలుస్తుంది. ఆవిడ రాజమాత వంక చూసింది. ఎవరు నోరు మెదపకపోయినా ఈవిడ మెదుపుతుందనుకుంది. పోయింది ఆవిడ కొడుకే మరి.

క్రతేయ మొహం ఒక్క రాత్రిలో పీక్కుపోయింది. లేచి దగ్గరికి వచ్చి, పెద్దలకి వినపడకుండా, "తెగిందని చెప్పు, ఫిలిన్నా" అంది. "నాకిక వీడొక్కడే మిగిలాడు."

మగ్గం చప్పుడు వినపడుతూనే ఉంది. ఫిలిన్న పెద్దల వైపు తిరిగి, "నూలు నాసిది, దొరా. పురి చాల్లేదు. తెగింది" అంది.

ఆ తర్వాత పదిహేడేళ్ళు బతికింది. జాలర్లు వలలకి నూలు గ్లూకెర దగ్గర కొనుక్కున్నారు. ఉన్ని ఇచ్చేవాళ్ళు లేక, గొర్రెలు ముళ్ళకంపల మీద వదిలిన బొచ్చు ఏరుకొచ్చి వడికేది. లికోన్ పెట్టిన గింజలు తిన్నవాళ్ళు ఆవిణ్ణి చూసి పక్కకి తప్పుకునేవారు. అది ఆవిడ సహించింది. మిక్క చేతులు క్షేమంగా ఉన్నాయి కదా అనుకునేది.

ఆ ఏళ్ళలోనే మిక్కకి పెళ్ళయి, మొదటి కాన్పు దగ్గర పడింది. పుట్టబోయే బిడ్డకి నడికట్టు నేయాలి, మన ఊళ్ళో అది అమ్మమ్మ వడికిన నూలుతోనే నేస్తారు. ఫిలిన్న మూడు నెలలు కూడబెట్టిన ఉన్నితో వడికి, ఉండ తీసుకుని కూతురింటికి వెళ్ళింది.

మిక్క ఉండ అందుకుంది. తల్లి ఎదురుగానే ఒక పోగు తీసి, లాగి చూసింది. తెగలేదు. అయినా ఉండని గట్టు మీద పెట్టి, "ఏమనుకోకమ్మా, గ్లూకెర పిన్ని నూలు తెచ్చుకున్నాంలే. పసిబిడ్డ కదా" అంది. మళ్ళీ తనే, "ఆ రోజు నువ్వు ఇంకాస్త పురి పెట్టి ఉంటే ఆ మహానుభావుడు బతికేవాడు" అంది.

కొస ఇంకా ఫిలిన్న కొంగులోనే ఉంది. చెయ్యి ముడి దాకా పోయింది. విప్పితే మిక్క ఊరుకోదు, నలుగురిలో అనేస్తుంది. దమాసోస్ ఇంకా రాజే.

"ఇంకాస్త పురి పెట్టాల్సిందేనే" అంది ఫిలిన్న. ఉండ తీసుకుని ఇంటికి నడిచింది.