పడకబండిలో చౌక్తాన్ దాకా

బర్మా కొత్త సంవత్సరపు నీళ్ళ పండుగ అయిపోయిన మరుసటి వారం, ఉదయం ఆరున్నరకు తాకేటాలోని మా ఇంటి ముందు బండి ఎక్కాం. బండిలో నలుగురం. నేను, నా తమ్ముడు సింహాచలం, నా మనవరాలు పైడి, మనవడు రాజు. పైడికి తొమ్మిదేళ్ళు, రాజుకు ఆరు. సింహాచలానికి పజుండౌంగ్‌లో మోటారు షెడ్డు ఉంది. బండిని తయారు చేసింది అతనే.

ఈ ప్రయాణం ఎందుకు పెట్టుకున్నామో ముందు చెప్పాలి. ఎండాకాలం బడి సెలవులు. ఇంట్లో కరెంటు ఉండదు. కరెంటు ఉన్న కాసేపూ పిల్లలు ఫోనులో ఒకటే వీడియో చూస్తారు. ఎక్కడో దొరల పిల్లలు మంచాలూ పొయ్యీ ఉన్న బండిలో ఊళ్ళు తిరుగుతూ, ఎక్కడ పడితే అక్కడ పడుకుంటారు. అలాంటి బండి కావాలని వీళ్ళ గోల. సింహాచలం విని, "దానికేటి, నాను కట్టేత్తాను," అన్నాడు.

నేను సరే అనడానికి వేరే కారణం ఉంది. నా కోడలు ధనలక్ష్మి బట్టల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. నా కొడుకు తిలావా రేవులో పని, వారానికోసారి ఇంటికొస్తాడు. బడి నుంచి వచ్చాక పిల్లలు ఇన్నాళ్ళూ నా దగ్గరే ఉన్నారు. మొన్న షుగరు పడిపోయి రాముడి గుళ్ళో కళ్ళు తిరిగి పడ్డాను. అప్పటి నుంచి కోడలు ఒకటే పట్టు. జూన్‌లో బడి తెరిచాక పిల్లలు సాయంత్రం దాకా ట్యూషన్ ఇంట్లో ఉండాలట.

"నిన్ను నువ్వే సూసుకోలేకపోతన్నావు అత్తా, ఆళ్ళనేటి సూత్తావు?" అంది.

"రెండ్రోజులు నాతో పంపి సూడు. ఒంటిమీద గీత పడకుండా తెత్తాను," అన్నాను.

"సాయంత్రం ఆరింటికి పిల్లలు వీడియోలో కనపడాల. కనపడకపోతే జూన్ మాట మరెత్తకు."

అదీ ఒప్పందం. సాయంత్రం పిల్లలు లేని ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోవడం నావల్ల కాదు. అందుకే బండెక్కాను.

బండి బాగానే ఉంది. పొడుగ్గా, తెల్లగా, పక్కలకు అద్దాలు. లోపల ఒక మంచం. దాని కింద ఇనుప పట్టాలు. వెనక తలుపు తీసి లాగితే మంచం చక్రాల మీద బయటికి జారి వస్తుంది. గ్యాసు పొయ్యి, నీళ్ళ డబ్బా, బ్యాటరీ ఫ్యాను ఉన్నాయి. మంచం జారడం చూసి రాజు అప్పుడే నాలుగుసార్లు ఎక్కి దిగాడు.

"మంచానికి పట్టాలెందుకురా?" అని అడిగాను.

"గాలికి బయటికి లాక్కోవచ్చప్పా," అన్నాడు సింహాచలం. అక్కను మా వాళ్ళు అప్ప అంటారు.

తన్లిన్ వంతెన దాకా దారి సుఖంగా సాగింది. ఎదురొచ్చే లారీలు పక్కకు తప్పుకున్నాయి. వంతెన మీద ఒక పోలీసు టోపీ తీశాడు. తన్లిన్ వాళ్ళకు పెద్దవాళ్ళంటే ఎంత గౌరవమో అనుకున్నాను. ఏడున్నరకు బజారు దగ్గర మొహింగా తిన్నాం. చేపల పులుసులో సేమ్యా వేసి ఇచ్చే ఈ ఫలహారం తన్లిన్‌లో చిక్కగా ఉంటుంది, వెళ్ళినవాళ్ళు తప్పక తినండి. కొట్టు ఆవిడ డబ్బు తీసుకోలేదు. చేతులు జోడించి, "ఎవరిని తేవడానికి వెళ్తున్నారు అఫ్వా?" అని బర్మాలో అడిగింది. అఫ్వా అంటే ముసలమ్మ.

"ఎవర్నీ తేవడం లేదు. రాత్రికి మేమే అందులో పడుకుంటాం," అన్నాను.

ఆవిడ రెండడుగులు వెనక్కి వేసింది.

నాకు బర్మా మాట వచ్చు, రాత రాదు. తెలుగు అక్షరాలే అరవై దాటాక గుళ్ళో చిన్నపిల్లల పక్కన కూర్చుని నేర్చుకున్నాను. పైడికి రెండూ వచ్చు. అది బండి పక్కన నిలబడి, రంగు కింద లీలగా కనిపిస్తున్న అక్షరాలను వేలితో కూడబలుక్కుంది.

"నాయనమ్మా, ఇది నిబ్బాన్ కా!" అని అరిచింది.

నిబ్బాన్ కా అంటే శవాల బండి. ఏదో ధర్మసంస్థ పాతదైపోయిందని అమ్మేస్తే మావాడు కొన్నాడు. పైన బంగారు గోపురం పీకేసి, అక్షరాల మీద తెల్లరంగు వేశాడు.

"ముందే సెప్పొచ్చు కదరా!"

"సెప్తే ఎక్కుతావా అప్పా?"

"ఎక్కను."

"అందుకే సెప్పలేదు."

రాజు మంచాన్ని తేరిపార చూసి, "తల ఏ పక్కనెట్టేవోరు తాతా?" అని అడిగాడు.

"డ్రైవరు పక్క."

"ఐతే నాను అటు కాళ్ళెడతాను."

వెనక్కి తిరిగితే తొమ్మిదింటికల్లా ఇంట్లో ఉంటాం, జూన్ మాట అక్కడితో తెగిపోతుంది. అమ్మకు ఈ సంగతి చెప్పబోమని పిల్లల చేత ఒట్టు వేయించుకుని ముందుకే పోనిమ్మన్నాను. ఇంకోమాట కూడా చెప్పాలి. ఆ బండి చాలా శుభ్రంగా ఉంది. మా వీధి లైను బస్సులో కంటే నయం.

తొమ్మిదిన్నరకు చౌక్తాన్ చేరాం. అక్కడ నది మధ్యలో చిన్న లంక, దాని మీద గుడి. ఊళ్ళో వాళ్ళు ఎక్కే పడవలోనే మమ్మల్నీ ఎక్కించారు. పడవ ఆగే చోట పేలాలు అమ్ముతారు. నీళ్ళలో వేస్తే పిల్లాడంత వాలుగ చేపలు నోళ్ళు తెరుచుకుని ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. రాజు పేలాలన్నీ వాటికి వేసి, "ఇయ్యి మన ట్యూషన్ టీచర్లా నోరు తెరుత్తన్నాయి," అన్నాడు. వాడు ఆ టీచరును ఇంకా చూడలేదు. నేనేమీ నేర్పలేదు.

గుడి మెట్ల మీదే ఇంటి నుంచి తెచ్చిన పులిహోర తిన్నాం. పక్కన కూర్చున్న ఒక బర్మా ఆవిడ ఒక ముద్ద రుచి చూసి, "పులుపు బాగుంది, చేప ఏది?" అని వెతుక్కుంది.

రాత్రి బసకు సింహాచలం స్నేహితుడి తోట ఉంది. చౌక్తాన్ దాటాక ఒక పల్లెలోంచి వెళ్ళాలి. మధ్యాహ్నం ఎండకు బండి పెనంలా కాలింది. నేను షుగరు మాత్ర వేసుకుని మంచం మీద వాలాను. తడి తువ్వాలు మొహం మీద వేసుకుని, ఈగలకు దుప్పటి కప్పుకున్నాను. దారిలో పిడౌక్ చెట్లు విరగబూసి ఉన్నాయి. బండి ఆపినప్పుడల్లా రాజు ఆ పసుపు పూలు ఏరి తెచ్చి నా మీద పోశాడట. అందంగా ఉంటుందని.

ఆ తర్వాత జరిగింది పైడి చెప్పగా విన్నదే. పల్లె మొదట్లో వెదురు ద్వారం ఉంది. అక్కడ ఊ తాన్ అనే ఊరి పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టాడు. బయట పోయిన మనిషిని ఊరి లోపలికి తేకూడదని బర్మా పల్లెల్లో కట్టుబాటు. ఊరి వాళ్ళే ఆస్పత్రిలో పోయినా సరే, శవాన్ని బయటి నుంచే శ్మశానానికి తీసుకుపోతారు.

"శవం కాదయ్యా, మా అప్ప పడుకుంది," అన్నాడు సింహాచలం.

"అందరు డ్రైవర్లూ అదే చెప్తారు," అన్నాడు ఊ తాన్.

ఆడవాళ్ళు గుమిగూడారు. నాయనమ్మ శవంతో ఒంటరి పిల్లలని ముక్కులు చీదారు. ఒకమ్మాయి ఫోనులో ఫొటో తీసింది. ఒకావిడ పైడి చేతిలో అరటిపండు పెట్టింది. అది తింటూ, "పిలిస్తే లేస్తుంది," అని చెప్పింది. ఆ మాటకు ఏడుపు ఇంకా ఎక్కువైంది.

రాజు నా పాదం పట్టుకుని ఊపాడు. "నాయనమ్మా, లెగు! జనం ఏడుత్తన్నారు!"

నేను తువ్వాలు తీసి లేచి కూర్చున్నాను. పూలు జలజలా రాలాయి. ఎదురుగా పాతికమంది. మరుక్షణం ఎవరూ లేరు. ఊ తాన్ ఒక్కడే నిలబడ్డాడు, కాళ్ళు కదలక.

ఒక ముసలావిడ ధైర్యం చేసి వచ్చి నా చెయ్యి గిల్లింది. నేనూ ఆవిడ చెయ్యి గిల్లాను. దాంతో నమ్మకం కుదిరింది. అయినా ఊ తాన్ తగ్గలేదు. మనుషులు రావచ్చు, బండి రాకూడదు అన్నాడు. ద్వారం బయట బాటసారులు దిగే జయాట్ ఉంది. చావడి లాంటిది, చెక్క నేల, పైన రేకు. అక్కడే దిగాం. చీకటి పడేలోపు ఆ పారిపోయిన ఆడవాళ్ళే అన్నం, సొరకాయ పులుసు, వేయించిన ఎండుచేపలు తెచ్చారు. బ్రతికున్న మనిషి ఎంత తింటుందో చూడాలని అందరూ చుట్టూ కూర్చున్నారు. నేను వాళ్ళను నిరాశపరచలేదు.

ఆరింటికి ఫోను తీస్తే సిగ్నల్ లేదు. ఊళ్ళో కరెంటు పోతే టవరూ పోతుందట. సింహాచలం బండి పైకెక్కి, గోపురం ఉండిన చోట నిలబడి ఫోను గాల్లోకి ఎత్తాడు.

"ఒక గీతొచ్చింది అప్పా... పోయింది."

"మళ్ళీ ఎత్తు!"

"ఎంతకని ఎత్తను, నానేటి టవర్నా?"

ఏడయింది, ఎనిమిదయింది. గీత రాలేదు. జూన్ పోయినట్టే అనుకున్నాను. తెచ్చిపెట్టిన అన్నం ఇంకా మిగిలే ఉంది గాని, మళ్ళీ తినబుద్ధి కాలేదు. పిల్లలతో జయాట్‌లో దోమతెర కట్టుకుని పడుకున్నాను. అక్కడ గాలి ఉంది. సింహాచలం బండిలో పడుకున్నాడు. దోమలకు దుప్పటి తల నుంచి కాళ్ళ దాకా కప్పుకున్నాడు.

తెల్లవారి పిల్లలతో చెరువు దగ్గర పళ్ళు తోముకుంటుంటే రోడ్డు మీద టాక్సీ ఆగింది. ధనలక్ష్మి దిగింది, జుట్టు ముడి కూడా వేసుకోలేదు. నిన్నటి అమ్మాయి ఆ ఫొటోను ఊరి పేరుతో సహా ఫేస్‌బుక్‌లో పెట్టిందట. అది తిరిగి తిరిగి తాకేటాలో మా పక్కింటికి చేరింది. రాజును గుర్తుపట్టారు. రాత్రి టాక్సీ దొరక్క, ఫోను కలవక, తెల్లవారుజామున బయలుదేరి వచ్చింది. ఇవన్నీ తర్వాత తెలిశాయి. అప్పటికి నేను చూసింది ఒక్కటే. కోడలు బండి అద్దంలోంచి చూసింది, దుప్పటి కప్పిన మనిషి కనిపించాడు, వెనక తలుపు పట్టుకుని కూలబడి రాగం తీసింది.

"ఓ నా అత్తో... ఒక్కదానివే ఎల్లిపోనావా అత్తో..."

మనవైపు శోకమంటే తెలిసిందే కదా. పోయినవాళ్ళ గుణాలన్నీ వరసకట్టి, రాగంలో పెట్టి చెప్పాలి. ఈ తరం వాళ్ళకు రాదనుకున్నాను. ధనలక్ష్మికి బాగా వచ్చు. వాళ్ళమ్మ మంచి గొంతుగలది.

రాజు పరిగెత్తబోతే రెక్క పట్టుకుని ఆపాను. ఊరి జనం వచ్చి నా వెనక చేరారు. నోటి మీద వేలు వేసి చూపించాను. తన మీద శోకం తాను వినే వీలు ఎవరికి దొరుకుతుంది?

"నోరు పెద్దదైనా మనసు మంచిదత్తో... కూరల ఉప్పెక్కువేసినా కిమ్మనక తిన్నానత్తో..."

"ఏమంటోంది?" అని ఊ తాన్ గుసగుసగా అడిగాడు. పైడి వరసగా బర్మాలోకి మార్చి చెప్పసాగింది. "మా నాయనమ్మ నోరు పెద్దదట. కూరలో ఉప్పు ఎక్కువట." ఊరంతా తలలూపింది.

"బడి నుంచొచ్చిన పిల్లలకి ముద్దెవులెడతారత్తో... ట్యూషనన్నానని కోపమొచ్చి ఎల్లిపోనావా అత్తో... ట్యూషనొద్దత్తో, నీ దగ్గిరే ఉంచుతానత్తో... లెగత్తో..."

పైడి అదీ చెప్పింది. ఊ తాన్ నా వైపు చూశాడు. నేను బ్రష్షు నోట్లోంచి తీశాను.

ధనలక్ష్మి నుదురు తలుపుకు కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఇక చాలనుకుని కదిలాను. ఈలోపు రాజు నా చెయ్యి విదిలించుకుని పరిగెత్తి, తల్లి భుజం తట్టాడు.

"అమ్మా, అది తాత."

దుప్పటిలోంచి సింహాచలం మెల్లగా లేచాడు. పాపం, చాలాసేపటి నుంచి మెలకువగానే ఉన్నాడట. లేస్తే కోడలు గుండాగి పడిపోద్దని కదల్లేదట.

ధనలక్ష్మి తిరిగి చూసింది. బ్రష్షుతో నేను.

"సచ్చిపోలేదా?"

"లేదే. బాగా పాడుతున్నావు, కానీ."

వచ్చి నన్ను గట్టిగా పట్టుకుంది. తర్వాత వదిలి తిట్టడం మొదలుపెట్టింది. తెలుగులో ఏడ్చిన మనిషి బర్మాలో తిట్టింది. అందుకని ఊరి వాళ్ళకు పైడి సాయం అక్కర్లేకపోయింది. మా గురించి, బండి గురించి, దాని పట్టాల గురించి అన్నీ అయ్యాక, ఊ తాన్ ఆవిడకు టీ ఇచ్చి, "అయితే జూన్ నుంచి పిల్లలు అఫ్వా దగ్గరే ఉంటారన్న మాట. మంచిది," అన్నాడు. ధనలక్ష్మి పైడిని చూసింది. పైడి చెట్టును చూసింది.

తొమ్మిదింటికి తిరుగు ప్రయాణం. టాక్సీవాడు ఎప్పుడో వెళ్ళిపోయాడు. కోడలు వెనక ఎక్కనని ముందు సీట్లో నా పక్కన ఇరుక్కుంది.

వెళ్ళదలచినవాళ్ళకు చెబుతున్నాను. దారి బాగుంటుంది, పడవ వాళ్ళు మంచివాళ్ళు, ఆ పల్లెలో సొరకాయ పులుసు మరిచిపోలేం. పిల్లలు రెండు రోజులు ఫోను ముట్టలేదు. బండి కావాలంటే సింహాచలం ఇస్తాడు. మొహం మీద మాత్రం ఏమీ కప్పుకోకండి.

వంతెన కనిపించాక ధనలక్ష్మి అంది: "ఏడుపుల అన్నయి లెక్కకి రావు."

"మరెప్పుడన్నయి వత్తాయే?"

ధనలక్ష్మి నా సంచి లాక్కుని మాత్రల అట్ట తీసి చూసింది. పొద్దున్నది అట్టలోనే ఉంది. దాన్ని నా చేతిలో పెట్టి, నీళ్ళ సీసా మూత తీసి ఇచ్చింది. వెనక్కి తిరిగి కూతురితో అంది:

"ఒలే పైడీ, బడి నుంచి ఇంటికి రాగానే ముందు నాయనమ్మ మాత్ర మింగిందో లేదో సూడాల. మింగాకే మీరు ముద్ద తినాల. ఒక్క రోజు తప్పినా ట్యూషనే. తెలిసిందా?"

"తెలిసింది," అన్నారు ఇద్దరూ ఒకేసారి.

నేను మారు మాట లేకుండా మాత్ర నోట్లో వేసుకున్నాను. కోడలి మాటకు అప్ప ఎదురు చెప్పకపోవడం ఈ జన్మలో అదే చూశానని సింహాచలం ఇప్పటికీ అందరికీ చెబుతున్నాడు. నోట్లో నీళ్ళున్నాయి, ఎలా చెప్తాను?