ఊరంతా మింగిన మందు

నాకు కోపం ఎక్కువ. ఆ సంగతి మా అమ్మకు తెలుసు, మా డాక్టరు గారికి తెలుసు, భద్రాచలం అడవి అంచున నేను నర్సుగా తిరిగిన గూడేల్లో కుక్కలకు కూడా తెలుసు. మధిర పక్కన పుట్టి పెరిగినదాన్ని ఉద్యోగం కోసం అక్కడికి వెళ్లాను. ఎనభైల చివరి రోజులు.

పాల్వంచ బస్సు దిగి, వాగు దాటి నడిస్తే ఒక కోయగూడెం వస్తుంది. అక్కడ ఒకామెకు క్షయ పట్టుకుంది. నాకంటే పెద్దది, నోరు గలది. దగ్గితే రక్తం పడేది, మనిషి చిక్కి సగమైంది. ఆమెను దవాఖానాకు రప్పించేసరికి నా చెప్పులు అరిగిపోయాయి. బస్సు కిరాయికి డబ్బుల్లేవని ఒకసారి, ఇప్పపువ్వు ఏరాలని ఒకసారి, అక్కడ తన భాష ఎవరికీ రాదని ఇంకోసారి తప్పించుకుంది. చివరికి నేనే బస్సులో పక్కన కూర్చోబెట్టుకుని తీసుకెళ్లాను. డాక్టరు గారు నెలకు సరిపడా మందు డబ్బా చేతికిచ్చి, "మధ్యలో ఆపితే మనిషి దక్కదు" అన్నారు.

రోజూ పొద్దున్నే మింగాలని, ఆ మందుకు మూత్రం ఎర్రగా వస్తుందని, భయపడొద్దని దారి పొడుగునా చెప్పాను. అన్నిటికీ "అవ్, అవ్" అంది.

కొన్నాళ్లకు మళ్లీ వెళ్లాను. గూడెంలో అడుగుపెట్టగానే ఒక ముసలామె ఎదురొచ్చింది.

"నర్సమ్మా, నాకు ఎర్రగ వచ్చింది."

మేకలు తోలుకుపోతున్న ఆయన ఆగి, "నాకు గూడ ఎర్రగనే" అన్నాడు. గూడెం పెద్ద తన ఇంటి ముందు గుంజకు ఆనుకుని కూర్చున్నాడు. ఆయన మాత్రం నిష్ఠూరంగా చూశాడు.

"నాకు మంచిగ ఎర్రగ రాలేదు బిడ్డా. నా వంతు తక్కువేసినట్టున్నరు."

గబగబా జబ్బుమనిషి ఇంటికి వెళ్లి డబ్బా మూత తీశాను. లోపల ఏమీ లేదు.

"ఏం చేశావక్కా?"

"పంచిన."

"పిల్లలక్కూడా పెట్టావా?"

"పోరగాండ్లకెందుకు, చేదున్నయ్ గద!"

కాస్త ఊపిరి పీల్చుకున్నాను. "మందు ఎవరైనా పంచుతారా?" అని అరిచాను.

"అడవిపంది దొరికితే పంచుకోమా? ఊర్లెకు ఏదొచ్చినా ఇంటింటికీ పోవాలె. నేనొక్కదాన్నే తలుపేసుకొని మింగితే అది మందెట్ల అయితది? దొంగతనమైతది. ఆగు, నీ వంతు గూడ తీసిపెట్టిన" అంటూ చూరులోంచి ఆకు పొట్లం తీసి నా చేతిలో పెట్టింది. విప్పితే ఒక గోలీ.

ఆ గోలీ పట్టుకుని నడి గూడెంలో నిలబడి నోటికొచ్చినట్టు తిట్టాను. మనుషులు పోగయ్యారు. మందు ఆమెకే, జబ్బు ఆమెదే అని చెప్పాను.

"జబ్బు ఆమెదే అని ఎవరన్నరు బిడ్డా?" అన్నాడు పెద్ద నెమ్మదిగా. "దగ్గితే పక్కోళ్లకు అంటుకుంటదని నువ్వే చెప్పినవ్ గద. జబ్బు అందరిదైతే మందు ఒక్కదానిదెట్ల?"

జవాబు లేనప్పుడు ఇంకా గట్టిగా అరవడం నా అలవాటు. అరవబోతే ఏడుపొచ్చింది. "మీరిలా పంచుకుంటూ పోతే వచ్చే ఎండాకాలానికి ఈమె ఉండదు" అన్నాను. అందరూ ఆమె వైపు చూశారు. ఆమె మొదటిసారి తల దించుకుంది.

వాళ్లలో వాళ్లు కోయలో చాలాసేపు మాట్లాడుకున్నారు. చివరికి పెద్ద తేల్చి చెప్పాడు.

"మందు ఆమెనే మింగుతది. గని మింగెటప్పుడు అందరం కూసుంటం. గప్పుడు ఒక్కతే తిన్నట్టు గాదు."

డాక్టరు గారు నా వంతు గోలీ కథ విని ముందు నవ్వారు, తర్వాత తిట్టారు. ఇంకో డబ్బా ఇచ్చి, ఇదీ పంచితే మళ్లీ తన గుమ్మం తొక్కొద్దన్నారు.

ఆ మర్నాటి నుంచి పొద్దున్నే గూడెమంతా ఆమె ముంగిట్లో చేరేది. ఒకరు జావ తెచ్చేవారు, ఒకరు గుడ్డు, ఒకరు ఉడకేసిన గడ్డలు. ఆమె గోలీలు మింగగానే గూడెం పెద్ద ఆమెను నోరు తెరవమని లోపలికి తొంగిచూసేవాడు. కడుపులో తిప్పుతోందన్నా, రేపు మింగుతానన్నా వినేవాళ్లే లేరు. ఒకసారి పండక్కని డబ్బా ఇంట్లో వదిలేసి వాగవతల చెల్లెలి ఇంటికి వెళ్లింది. తెల్లారేసరికి సగం గూడెం డబ్బా పట్టుకుని చెల్లెలి వాకిట్లో కూర్చుంది. ఏదో తగవు మీదికొచ్చిందనుకుని చెల్లెలి మొగుడు గోడ దూకాడట.

"నీకు దండం పెడత నర్సమ్మా, వీళ్లను జర ఆపు" అని నన్ను బతిమాలింది. నేనెందుకు ఆపుతాను? మనిషి ఒళ్లు చేస్తోంది, దగ్గు తగ్గింది. ఆమె తిట్టిన కొద్దీ నా ప్రాణం కుదుటపడేది.

నెలనెలా కొత్త డబ్బా తెచ్చిస్తూ మందు గడువు పూర్తయ్యాక మళ్లీ పరీక్ష చేయించాం. జబ్బు పూర్తిగా పోయింది. ఆ కబురు మోసుకుని వాగు దాటి ఉరుకులు పరుగుల మీద వెళ్లాను.

"అక్కా, నయమైపోయింది! రేపటి నుంచి మందు అక్కర్లేదు."

గంతులేస్తుందనుకున్నాను. ఆమె ముఖం చిన్నబోయింది.

"మరి రేపటికెల్లి పొద్దుగాల ఎవరొస్తరు?"

నవ్వాల్సిన మాటే. నాకు నవ్వు రాలేదు. ఆ రోజుల్లో క్వార్టర్లో నాకొక్కదానికే వండుకుని, గోడ వైపు చూస్తూ తినేదాన్ని. తిన్నావా అని అడిగే దిక్కు లేదు. ఆ దిగులు కనపడకుండా ఆమెనే కసిరాను, "బతికి బయటపడ్డావు, సంతోషించక ఈ ఏడుపేమిటి?" అని.

ఆమె నా కోపాన్ని లెక్కచేయలేదు. లోపలికి వెళ్లి రెండు గిన్నెల్లో జావ తెచ్చింది. ఒకటి నా ముందు పెట్టింది.

"కూసో. నువ్వు తాగితేనే నేను తాగుత" అంది.

కూర్చున్నాను. ఇద్దరం తాగేసరికి ఆఖరి బస్సు వెళ్లిపోయింది.