ద్రాక్షరసంలో బెల్లం

మా ఆయన పలకల గనిలో కూలి. పొద్దుగూకితే, సర్కారు వేలంలో ఎవరో పాడుకున్న సారా దుకాణంలో కూర్చుని, అక్కణ్ణుంచి తిన్నగా వచ్చి నన్ను కొట్టేవాడు. నేను మిషను బడిలో పంతులమ్మను. వాచిన మొహంతో ఆడపిల్లలకు పది ఆజ్ఞలు వల్లె వేయించేదాన్ని. ఆజ్ఞలకన్నా నా మొహం చూసి వాళ్లు నేర్చుకున్నదే ఎక్కువ.

దొనకొండ స్టేషన్లో మూటలు మోసే ఒకాయన నాకు కూటం సంగతి చెప్పాడు. ఆయనా ఒకప్పుడు తాగి పట్టాల మీద పడుకున్నవాడే.

"ఆదివారం ఆరాధన అయినాక మానుకున్నోళ్లమంతా గుడిలో కూర్చుంటామమ్మా. ఒక్కడుగా మానేది అయ్యే పని కాదు. నీ పెనిమిటిని తీసుకొనిరా" అన్నాడు.

చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. చివరికి "నీ నోరు మూయించేదానికైనా వస్తా పద" అని మా ఆయన బయల్దేరాడు.

ఆ కూటంలో ఒక పద్ధతి ఉండేది. మగవాడు లేచి, తాగినప్పుడు చేసింది చెప్పాలి. తర్వాత పెండ్లాం లేచి "నిజమే" అనాలి. ఆమె అంటేనే వాడి సాక్ష్యం చెల్లుతుంది. కూటం నడిపేది సంఘపెద్ద. పుట్టి బుద్ధెరిగి సారా ముట్టని మనిషి. ఎవడైనా కొంచెం చెప్పి కూర్చోబోతే ఊరుకునేవాడు కాదు. "ఇంకేం చేసినావు? అంతేనా?" అని తవ్వితవ్వి అడిగేవాడు. మొదటి రోజు మా ఆయన, కడుపుతో ఉన్న నన్ను తన్నిన సంగతి చెప్పాడు. బిడ్డ దక్కలేదని చెప్పాడు. నేను లేచి "నిజమే" అన్నాను. పెద్దాయన భోంచేసి లేచినంత తృప్తిగా తల ఊపాడు. నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అయినా ఉన్నమాట చెప్పాలి, ఆ కూటంతోనే మా ఆయన మానాడు. పెద్దాయన వల్ల కాదు, అయిపోయాక వసారాలో కూర్చుని ఒకరి కష్టం ఒకరు చెప్పుకునే ఆ మనుషుల వల్ల. సాయంత్రాలు దుకాణం దారి వదిలి, గట్టు చుట్టూ తిరిగి ఇంటికి వచ్చేవాడు. చేతుల వణుకు తగ్గింది. నా మొహం మీద వాపు తగ్గాక "నువ్వు బాగానే ఉంటావే" అన్నాడు. ఇన్నేళ్లకు చూశావా అన్నాను. ఎండాకాలం వచ్చేసరికి ప్రభు బల్లలో, అంటే ప్రభువు శరీరం, రక్తం అని రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునేవాళ్లలో, ఆయనకూ చోటిచ్చారు.

బల్లకు మావాళ్లు పులిసిన ద్రాక్షరసం వాడరు. ఎండు ద్రాక్ష ఉడికించి, పిండి, వడగట్టిన నీళ్లే గిన్నెలో పోస్తారు. ఆ నెల ద్రాక్ష చాలలేదని పెద్దాయన కుండలో ఇంత బెల్లం కలిపాడు. మార్కాపురం నుంచి రావలసిన పాదిరి అయ్యగారి బండి ఇరుసు విరిగి, ఆదివారం పెట్టవలసిన బల్ల మంగళవారం సాయంత్రం పెట్టారు. రోహిణి ఎండల్లో, బెల్లం నీళ్లు, మూత కట్టిన కుండ. సారా కాచేవాళ్లు బెల్లం నీళ్లు పులియబెట్టి ఊట వేసేదీ అట్లాగే. మా తట్టు అది తెలియనిది ఆ పెద్దమనిషి ఒక్కడికే.

గిన్నె చేతులు మారుతూ వచ్చింది. మూటలాయన ఒక గుక్క తాగి, మూతి తుడుచుకుని తల దించుకున్నాడు. మా ఆయన గుక్క నోట్లో పోసుకుని ఆగిపోయాడు. లేచి బయటికి పోయి, గోడవార ఉమ్మి వచ్చాడు.

"ఏందిరా అది? ప్రభువు రక్తాన్ని ఉమ్ముతావా?" అన్నాడు పెద్దాయన.

"ఊట అయింది పెద్దయ్యా. మింగితే మళ్లా ఆగలేను."

"నేను కాచినది సారా అంటాండావా? ఆ కంపు నీ నోటిదే. తాగి వచ్చినావు."

మా ఆయన మూటలాయన వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు మామా."

ఆయన చాపలో పుల్లలు లాగుతూ కూర్చున్నాడు. చెబితే తాను మింగింది సారా అని ఒప్పుకోవాలి. కూటంలో తన చోటూ పోతుంది.

నన్ను లేపి అడిగారు. తాగలేదన్నాను. మొగుణ్ణి వెనకేసుకొస్తాందన్నారు. కూటం గడప తొక్కవద్దని ఆయన్ను వెలేశారు.

ఆ తర్వాత ఆదివారాల్లో ఆయన గుడి బయట, కిటికీ కింద ఎండలో కూర్చుని లోపలి మాటలు వినేవాడు. అప్పుడూ చుక్క ముట్టలేదు. లోపలివాళ్లు ఆయన ఉన్నాడని గొంతు తగ్గించి మాట్లాడేవాళ్లు. కొన్నాళ్లకు పెద్దాయన కబురు పెట్టాడు. ఆ రోజు తాగి వచ్చానని ఒప్పుకుంటే మళ్లీ చేర్చుకుంటారట.

మా ఆయన లోపలికి పోయి నిలబడ్డాడు. "ఆ పొద్దు తాగే వచ్చినాను" అన్నాడు.

అందరూ నా వైపు తిరిగారు. ఆయన కళ్లతోనే నన్ను బతిమాలాడు. నన్ను తన్నిన మాటకు నిజమే అన్నాను. బిడ్డ పోయిన మాటకు నిజమే అన్నాను. నా సంసారంలో నేను చూసిన ఒకే ఒక్క మంచి ఆయన తాగకపోవడం. దాన్ని కూడా ఆ ముసలాడి కుండ కోసం కాదనాలా?

"అబద్ధం. తాగలేదు. పులిసింది మీ కుండ" అన్నాను.

"మొగుడిది ఒక మాట, పెండ్లానిది ఒక మాట. ఇద్దరూ పోండి" అని పెద్దాయన చేతిలో బైబిలు మూశాడు.

దారిలో మా ఆయన నాకన్నా ముందు నడిచాడు. వెనక్కి తిరిగి "నిజమే అంటే నీ సొమ్మేం పోయేది? వాళ్లు లేకుంటే నేను నిలబడలేనే" అన్నాడు. గట్టు దారి వచ్చింది. ఆయన అటు తిరగలేదు.

"రా అల్లుడా, ఎన్నాళ్లకు" అని దుకాణంలో ఎవరో జరిగి చోటిచ్చారు. ఏం చేశావని అక్కడెవరూ అడగలేదు.

దీపం పెట్టిన తర్వాత ఇంటికి వచ్చాడు. దెబ్బ దెబ్బకూ "నిజమే అను" అన్నాడు. నేను అనలేదు.