మామ అలిగిండు

మా మేనమామ కురుమయ్య జీవితంలో చేసిన పనులు రెండే. ఒకటి గొర్రెలు కాయడం, రెండోది అలగడం. మోకాళ్ళ నొప్పులతో గొర్రెలను అమ్మేసిన ఏడాది మొదటి పని ఆగిపోయింది. ఆ టైం కూడా రెండో పనికే కలిసొచ్చింది.

అలగడమంటే పిల్లలు మూతి ముడుచుకున్నట్టు అనుకునేరు. మా మామది పద్ధతి గల అలక. ముందు మాట ఆగిపోతుంది. తర్వాత భుజం మీది తువ్వాల తీసి ఒకసారి దులుపుతాడు. అది చూడగానే మా చుట్టాల్లో అనుభవమున్న వాళ్ళు "అయిపాయె" అంటారు. ఆ తర్వాత తన కుర్చీ తానే ఎత్తుకొని ఓ నలభై అడుగులు పోయి, నీడ చూసుకొని, మనకు వీపు పెట్టి కూర్చుంటాడు. ముఖం అటుంటుంది గానీ చెవులు ఇటే ఉంటాయి.

"అలిగినోనివి దూరం పోరాదా మామా. గింత దగ్గర కూసుంటవేంది?" అని ఒకసారి అడిగాను.

"యాడికో పోతే ఎతుకాలె గదరా అల్లుడా. పనులున్నోళ్ళాయె. వాళ్ళకు తక్లీఫ్," అన్నాడు.

అలక మీద ఆయనకు సొంత శాస్త్రం ఉంది. డిగ్రీ చదివి మండలాఫీసులో గుమాస్తా పని చేస్తున్న నాకు మనుషుల గురించి తెలిసినదాంట్లో సగం ఆయన దగ్గర విన్నదే. ఒకరోజు మా ఆఫీసులో ఎవరితోనో గొడవ పడి ముఖం మాడ్చుకొని వాళ్ళింటికి పోతే, పక్కన కూర్చోబెట్టుకొని చెప్పాడు.

"కోపం వేరురా, అలుగుడు వేరు. కోపమొచ్చినోని కాడికి ఎవడన్న పోతడా? పోడు. అలిగినోని కాడికి నలుగురొస్తరు. మంచిగ మాట్లాడ్తరు. ఛాయ్ ఇస్తరు."

"అయితే ఆఫీసుల అలగమంటవా?"

"పరాయోళ్ళ మీద అలగద్దు. బస్సు కండక్టరు మీద అలిగితే ఏమైతది? దింపి పోతడు. మనోళ్ళ మీదనే అలగాలె. బతిమాలుతరని నమ్మకముంటేనే అలుగుడు."

ఇంత తెలిసిన మనిషి కూడా ఒకసారి తప్పు చేశాడు. బ్యాంకులో టోకెన్ మిషన్ మీద అలిగాడు. ఆయన నంబరు దాటేసి తర్వాతి నంబరు పిలిచిందట. తువ్వాల దులిపి, మిషన్‌కు వీపు పెట్టి కూర్చున్నాడు. మధ్యాహ్నం మూడు దాకా కూర్చున్నాడు. మిషన్ బతిమాలలేదు. "దానికి చుట్టరికం తెల్వదు," అని ఇంటికొచ్చి మా అత్తకు చెప్పాడు.

ఫోన్ అలక వేరే ఉంటుంది. అలిగాక మనం ఫోన్ చేస్తే ఎత్తడు. కానీ పక్కనే కూర్చొని రింగులు వింటుంటాడు. సొంత అక్క కొడుకును గనుక నేను మూడుసార్లు చేసినా ఎత్తడు. దూరపు చుట్టాలకైతే రెండుసార్లే. నాలుగోసారి చేస్తే ఎత్తి, "ఎందుకురా ఊకె చేస్తవ్, పనుంటది గద నీకు," అని మనల్నే అంటాడు.

మా సాలమ్మత్త మాత్రం ముప్పై అయిదేళ్ళ కాపురంలో ఒక్కసారి కూడా ఆయన్ను బతిమాలలేదు. అలిగిన మనిషి ముందు జొన్నరొట్టె, తొక్కు పెట్టి తన పనికి తాను పోతుంది. కాసేపటికి పళ్ళెం ఖాళీగా ఉంటుంది.

"గిన్నేండ్ల సంది అలుగుతుండు బిడ్డా, ఒక్కనాడన్న అన్నం మీద అలిగిండా అడుగు," అంటుంది.

మా కొత్తింటి గృహప్రవేశం నాటి అలకలో తప్పు నాదే. కార్డు ఫొటో తీసి వాట్సాప్‌లో పంపాను. మామ వాళ్ళ ఇల్లు మా వెనక వీధే. పొద్దున ఆరింటికి చుట్టాలంతా వచ్చారు, మామ రాలేదు. ఫోన్ మూడుసార్లు చేశాను. తర్వాత మా అమ్మ లక్ష్మీనర్సమ్మ కుంకుమ భరిణె పట్టుకొని పోయింది.

"ఫోన్ల బొట్టు పెడ్తరానె అక్కా?" అని అడిగాడట.

అమ్మ బొట్టు పెట్టింది. అప్పటికే ఆయన కొత్త ధోవతి కట్టుకొని, చెప్పులు కూడా వేసుకొని ఉన్నాడు. ఎందుకైనా మంచిదని అత్తను కూడా తయారు కమ్మన్నాడట.

ఇక మా చెల్లె రూప పెళ్ళి సంగతి. తెలంగాణ వచ్చిన నాలుగో ఏడు, ఏప్రిల్ నెల, భువనగిరిలో ఫంక్షన్ హాలు. మగపెళ్ళివారిది అచ్చంపేట. అర్ధరాత్రి దాటాక బస్సెక్కి, నిద్ర లేక, ఎండకు గుట్ట రాయి వేడెక్కే వేళకు దిగారు. మా మామ గురించి ఈ మొత్తం ప్రపంచంలో ఏమీ తెలియనిది వాళ్ళకే.

మగపెళ్ళివారికి ఎదురుపోయే ఎదురుకోళ్ళు జరిగాయి. షర్బత్ ఇచ్చుకున్నారు, ఒకరికొకరు గులాల్ పూసుకున్నారు. మామ ఆ రోజు కోసం తెల్లటి లాల్చీ కుట్టించుకున్నాడు. గులాల్ పళ్ళెం కనబడగానే స్తంభం వెనక్కి పోయి నిలబడ్డాడు. నేను కళ్ళారా చూశాను.

పదింబావుకు అయ్యగారు పళ్ళెం ముందు పెట్టుకొని, "రెండు పుస్తెలూ ఇటివ్వండి, తాడుకు గుచ్చాలి," అన్నారు. మా దాంట్లో ఒక పుస్తె అత్తగారింటిది, ఒకటి పుట్టింటిది. మగపెళ్ళివారి పుస్తె వచ్చింది. అమ్మ సంచి తెరిచింది. మూసింది. మళ్ళీ తెరిచింది. తర్వాత నన్ను పక్కకు పిలిచింది.

"పుస్తె ఇంట్లనే ఉండిపాయె బిడ్డా. దొంగలకు దొరకద్దని గొంగడి మడతల పెట్టిన," అంది.

విలువైన వస్తువు పోకుండా మా అమ్మ తీసుకునే జాగ్రత్త అలాంటిది. దొంగకు దొరకదు, ఆమెకూ దొరకదు. కానీ ఆ క్షణాన నవ్వే ఓపిక నాకు లేదు. ముహూర్తం పది యాభై రెండుకు. మా ఊరు పద్దెనిమిది కిలోమీటర్లు. పుస్తె మరిచిపోయారని అచ్చంపేట ఆడవాళ్ళకు తెలిస్తే అంతే. అపశకునమంటారు. పెళ్ళి ఆగకపోయినా, రూప ముసలిదయ్యేదాకా ఆ ఇంట్లో పుస్తె మరిచినోళ్ళ బిడ్డగానే బతకాలి. అమ్మకు అది తెలుసు. చెమటలు పట్టి గోడకు ఆనుకుంది.

ఎవరికీ చెప్పొద్దని, ఏదో ఒకటి చెప్పి ఆపమని అమ్మకు చెప్పి, బండి తాళాలు పట్టుకొని బయటికి ఉరికాను. గేటు దగ్గర మామ కూడా బయటికే వస్తున్నాడు. చేతిలో కుర్చీ ఉంది.

"ఏడికి మామా?"

"నాకు గులాల్ పెట్టలే," అన్నాడు.

నాకు తల తిరిగింది. పెళ్ళికూతుర్ని కూర్చోబెట్టిన గంపకు మేనమామ చెయ్యి పడితే గాని ఆమె మండపానికి రాదు. ఉన్న కష్టం చాలదని ఇదొకటి. నోటికి వచ్చింది అనేశాను.

"ఇప్పుడా మామా నీ అలుగుడు? అక్క ఇజ్జత్ గురించి సోయున్నదా నీకు? నువ్వు లేకున్నా పెండ్లయితది, పో."

మేనమామతో అనగూడని మాట ఏదైనా ఉంటే అదే. ఆయన నీడ చూసుకొని కుర్చీ వేశాడు.

బండి ఎలా నడిపానో చెప్పను, మా ఇంట్లో వాళ్ళు ఇది చదువుతారు. ఇంట్లో గొంగళ్ళు ఒకటి కాదు, అయిదున్నాయి. నాలుగు దులిపాను. అయిదోదాని మడతలో పుస్తె, దాంతోపాటు పోయిన ఏడాది నుంచి వెతుకుతున్న నా ఆధార్ కార్డు దొరికాయి. తిరిగి భువనగిరి చేరేసరికి పదకొండు ముప్పావు అయింది. ముహూర్తం దాటి దాదాపు గంట. లోపల రభస జరుగుతుంటుందని అనుకున్నాను.

లోపల ఎవరూ లేరు. పెళ్ళంతా బయట ఉంది.

మగపెళ్ళివారు, మనవాళ్ళు, ఫొటోగ్రాఫరు, బ్యాండువాళ్ళు, చివరికి అయ్యగారు కూడా మామ కుర్చీ చుట్టూ నిలబడి ఉన్నారు. మామ లాల్చీ తెల్లగా లేదు. మెడ నుంచి మోకాళ్ళ దాకా గులాల్. మీసాలు కూడా గులాబీ రంగులో ఉన్నాయి. పెళ్ళికొడుకు తండ్రి రాంచందర్ రెండు చేతులూ జోడించి ఉన్నాడు.

"అన్నా, తప్పు మాదే. నీ అసుంటి పెద్దమనిషిని మరిసినం. ఇగ లెవ్వరాదె," అంటున్నాడు.

మామ ముఖం తిప్పలేదు గానీ నా బండి చప్పుడు ఆగడం విన్నాడు. నేను అమ్మ దగ్గరికి పోయి పుస్తె చేతిలో పెట్టాను. అమ్మ కళ్ళు తుడుచుకొని లోపలికి నడిచింది. ఓరకంట అది చూశాక మామ తువ్వాల భుజాన వేసుకున్నాడు.

"సరే తియ్, గింతమంది అంటున్నరు," అని లేచాడు.

అయ్యగారు గంటలో ముహూర్తాన్ని అప్పటికే రెండుసార్లు జరిపారట. మూడోసారి కూడా జరిపి, ఇదే అన్నిటికన్నా మంచిదన్నారు. మామ గంపకు చెయ్యి వేశాడు. రూప మండపానికి వచ్చింది. రెండు పుస్తెలూ తాడుకెక్కాయి. అచ్చంపేట వాళ్ళు ఆలస్యానికి తామే కారణమని రోజంతా బాధపడుతూ, మాకు మర్యాదలు చేస్తూ తిరిగారు.

నేను లేనప్పుడు ఏం జరిగిందో సాలమ్మత్త చెప్పింది.

"ముందుగాల్ల పిల్లగాని మేనత్త గులాల్ పెట్టింది. ఒక్క బుగ్గకే పెడ్తివి అన్నడు. రెండో బుగ్గకు పెట్టింది. పెద్దమనిషి పెట్టాలె అన్నడు. పిల్లగాని తాతనేమో బస్సుల పండుకున్నడు. లేపి, మొఖం కడిగి, పట్టుకొచ్చిన్రు. ఆయినకు కండ్లు కనవడయ్, గులాల్ నోట్లె పెట్టిండు. మళ్ళ అలిగిండు."

"పుస్తె సంగతి మామకెవరు చెప్పిన్రత్తా?"

"ఎవరు చెప్తరు? మీ అమ్మ సంచి రెండుసార్ల తీసి మూసింది. గప్పుడే ఈయిన తువ్వాల దులిపిండు. మా అక్కకు చెమట వడ్తుంది అన్నడు, గంతే. నాకు సుత ఏం చెప్పలే."

అప్పుడు నేను ఆయన పాత అలకలన్నిటినీ ఒక్కొక్కటే గుర్తు చేసుకున్నాను. అన్నిటి వెనుకా ఏదో గొప్ప సంగతి ఉందని చెబితే అబద్ధమవుతుంది. వాట్సాప్ అలక వాట్సాప్ అలకే. కానీ ఒకటి మాత్రం తెలిసింది. మనుషులంతా నిందను ఎవరి మీదికి నెట్టేద్దామా అని చూస్తుంటారు. అక్క మీదికి రాబోయే నవ్వులాటను తన మీదికి పిలుచుకొని, కొత్త లాల్చీతో సహా కూర్చున్న మనిషిని నేను ఆయనొక్కణ్నే చూశాను. ఆయన్నే నేను ఆ మాట అన్నాను. సిగ్గేసింది.

భోజనాల దగ్గర ఆయన పక్కకు పోయాను.

"మామా, పొద్దున ఓ మాటన్న."

"ఏం మాట?"

"నువ్వు లేకున్నా పెండ్లయితదని."

"అన్నవా?" అన్నాడు మామ. "నాకినవడలే. బ్యాండు కొడుతుండె గద."

అప్పుడు బ్యాండు మోగలేదు. బ్యాండువాళ్ళు గేటు పక్కన ఛాయ్ తాగుతున్నారు.

"పుస్తె కోసమే గద అలిగినవ్?"

"ఏం పుస్తె? నాకు గులాల్ పెట్టలే, అలిగిన. పొద్దటి సంది ఏం తినలే నువ్వు, ముందు పోయి తిను."

మొట్టమొదటిసారిగా నాకు మా మామ మీద అలక వచ్చింది. టోకెన్ మిషన్ మీద, వాట్సాప్ మీద అలిగే మనిషి. జీవితంలో నిజంగా అలగడానికి ఒక్క కారణం నేను ఇస్తే, దాని మీద అలగలేదు. బతిమాలే అవకాశం కూడా నాకు ఇవ్వలేదు. ఒక కుర్చీ తీసుకొని, బయట వేపచెట్టు నీడకు పోయి, హాలుకు వీపు పెట్టి కూర్చున్నాను.

కాసేపటికి వెనక అడుగుల చప్పుడయింది. మామ వచ్చి నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు. మళ్ళీ సవరించుకున్నాడు.

"అల్లుడా, బతిమాలుడు నాకు రాదురా. చేయించుకునుడే గని చేసింది లేదు. ఏమనాలె?"

"నాకేం ఎరుక," అన్నాను.

మామ చివరికి లోపలికి పోయి ఇంకో కుర్చీ తెచ్చుకొని, నా పక్కనే, ఆయన కూడా హాలుకు వీపు పెట్టి కూర్చున్నాడు.

"నువ్వెవరి మీద మామా?"

"ఇంకా అనుకోలే. ముందైతే కూసుందాం, మనిషి దొరుకుతడు."

అలా ఇద్దరం అటు ముఖం పెట్టి కూర్చున్నాం. లోపలి నుంచి అమ్మ రెండు పళ్ళాలు పట్టుకొని వచ్చింది. ఒకటి నాకిచ్చింది. రెండోది తమ్ముడి చేతిలో పెట్టి, ఆ గులాల్ మీసాల వంక చూస్తూ నిలబడింది. ఏదో చెప్పబోయింది. ఆమె కళ్ళు నిండుతున్నాయి.

మామ పళ్ళెంలోకి తొంగి చూశాడు.

"పెరుగు వెయ్యకపోతివే అక్కా," అని పళ్ళెం కింద పెట్టి, తువ్వాల తీసి దులిపాడు.

అమ్మ పెరుగు కోసం వెనక్కి పోయింది. ఆ రోజు పొద్దుటి నుంచి ఆమె నవ్వడం అదే మొదటిసారి.