డబ్బీ చూపిన కొత్తూరు

ఆ రోజుల్లో నాకు రెండు జబ్బులుండేవి. ఒకటి సైకిలు, రెండోది దారి తప్పడం. విడివిడిగా వస్తే ఏదోలా నెట్టుకురావచ్చు గానీ, రెండూ ఒక్కడికే వస్తే వాడి బతుకు బస్టాండే. తెల్లారి రాయ్‌పూర్‌లో మా పేట మోవాలో బయల్దేరి టిఫిను వేళకు వచ్చేస్తానని చెప్పినవాణ్ణి, మిట్టమధ్యాహ్నం ఊరికి ఆ చివరనున్న టాటీబంధ్ చౌరస్తాలో లారీల మధ్య బిక్కమొహం వేసుకుని తేలేవాణ్ణి. గూడ్సు బండి గార్డుగా పనిచేసిన మా నాన్నది ప్రతిసారీ ఒకటే మాట: "పట్టాల మీద ఏ బండైనా దారి తప్పిందేంట్రా? నీకూ పట్టాలేయించాల్సిందే."

అలాంటివాడికి ఓ పెళ్లిలో బిలాస్‌పూర్ సిస్టరు కనపడింది. (మా ఇళ్ళలో నర్సులందరూ సిస్టర్లే, అపార్థం చేసుకోకండి.) మా పిన్ని ఆడపడుచు కూతురు. "ఆ సన్న టైర్ల సైకిలు మీద ఎంత దూరమైనా వచ్చేస్తారా మీరు?" అని అడిగింది. "ఎంత దూరమైనా" అన్నాను. అంతే, నా పని అయిపోయింది. పిన్ని వాళ్ళ కొత్త ఇంటి ప్రతిష్ఠ ప్రార్థనకు ఆ అమ్మాయీ, వాళ్ళ పెద్దలూ వస్తున్నారనీ, నేను నచ్చితే అక్కడికక్కడే మాట ఖాయం చేస్తారనీ తెలిసింది. అందరం వ్యానులో వెళ్దామని అమ్మ అంటే, నేను సైకిలు మీదే వస్తానని భీష్మించాను. అమ్మ తల కొట్టుకుంది.

దారి తప్పితే పెళ్లే తప్పిపోతుంది కాబట్టి సైకిలుకు జీపీఎస్ కొందామనుకున్నాను. అక్కడ మొదలైంది నరకం. రంగుల మ్యాపున్నది ఎండలో కనపడదట. ఎండలో కనపడేదాంట్లో మ్యాపే లేదు, వట్టి బాణం గుర్తు. రెండూ ఉన్నదానికి ఛార్జింగు పక్క ఊరు ఆరంగ్ దాకా కూడా ఆగదని ఒకడు రాస్తే, దాన్ని మించింది లోకంలో లేదని కిందే ఇంకొకడు రాశాడు. మా సైకిలు బృందంలో గురూజీ అని పిలుచుకునే పెద్దమనిషి "బటన్ వాలా లేనా బేటా, పసీనే మే టచ్ కామ్ నహీ కర్తా" అన్నాడు. బటన్లదే కొను, చెమట చేతులకు టచ్ తెర పలకదన్నమాట. మర్నాడు ఇంకొకాయన, ఈ కాలంలో బటన్లేమిటని నవ్వాడు. నాకు అన్నం సహించలేదు. రాత్రి భోజనాల దగ్గర ఇంట్లోవాళ్ళు పిన్ని ఇంటి గురించీ, స్థలం గురించీ ఏవేవో చెప్పుకుంటుంటే నేను ఫోనులో తల దూర్చి జనాల అభిప్రాయాలు చదువుతూ "ఊఁ" కొట్టేవాణ్ణి. చివరికి విసిగిపోయి బటన్లదే కొన్నాను. అమ్మ దాన్ని చూసి "ఈ డబ్బీ కోసమా ఇంత ఏడ్చావు?" అంది.

ఇక్కడ అమ్మ భాష గురించి చెప్పాలి. పక్కింటివాళ్ళకు అర్థం కాకూడదని మా అమ్మ ఊళ్ళో పేర్లన్నిటినీ తెలుగు చేసేసేది. బూఢా తాలాబ్ మా ఇంట్లో ముసలి చెరువు, లాల్‌పూర్ ఎర్రూరు. కాబట్టి "పిన్ని వాళ్ళ కొత్తూరుకి టైం పే వచ్చెయ్, ఆరంగ్ వెళ్ళే వైపే కదా" అని ఆమె అన్నప్పుడు నాకు సందేహమే రాలేదు. నవా అంటే కొత్త, గావ్ అంటే ఊరు. డబ్బీలో నవాగావ్ అని కొట్టాను. మనకు కొత్తూళ్ళు ఎన్నో వాళ్ళకు నవాగావ్‌లు అన్ని. బారెడు వరస వచ్చింది. ఆరంగ్ దగ్గరున్నదాన్ని ఎంచుకున్నాను.

ఆ రోజు ఒక్క మలుపు తప్పలేదు! జన్మలో మొదటిసారి. ఆరంగ్ దాటి, పొలాల్లోంచి లోపలికి పోయాక డబ్బీ కుయ్‌మని, చేరిపోయావంది. ఎదురుగా బోరింగు, నాలుగు మేకలు, నీళ్ళు పట్టుకుంటున్న ఒక ముసలమ్మ. షామియానా లేదు, వ్యాను లేదు. "కోన్ నవాగావ్ జాబే, భఇయా?" అంది ముసలమ్మ. ఏ నవాగావ్‌కి పోవాలని! ఏది అని చెప్పను? డబ్బీలో ఇంకో నవాగావ్ నొక్కి అక్కడికీ వెళ్ళాను. అక్కడ మేకలు కూడా లేవు.

అప్పుడు జేబులో ఫోను మోగింది. అమ్మ నంబరు. ఎత్తలేదు. ఇంత చేసి కొన్న డబ్బీ హ్యాండిలు మీద పెట్టుకుని, పిన్ని ఇంటికి దారి చెప్పమని అడగనా? మళ్ళీ మోగింది. జేబు మీద చెయ్యి పెట్టి నొక్కిపట్టాను. ఏడుపొచ్చింది. నిజంగానే ఏడ్చాను, హెల్మెట్ తియ్యకుండా.

ఎండ వాలాక నేనే ఫోను చేశాను. "కొత్తూరంటే నయా రాయ్‌పూర్ కదరా! హద్ హో గయీ నీతో!" అని అమ్మ అరిచింది. మా ఊరి పక్కన కొత్తగా కడుతున్న రాజధాని. పొద్దున నేను ఊపుగా దాటుకుంటూ పోయిన మలుపే అది, అంతెత్తు బోర్డు కూడా ఉంది. నేను చేరేసరికి షామియానా విప్పేస్తున్నారు. బిలాస్‌పూర్ వాళ్ళు బండికి టైమైందని వెళ్ళిపోయారు. పిన్ని చల్లారిన బిర్యానీ పెట్టి, "పిన్ని ఇల్లే తెలీనివాడు కాపురమేం చేస్తాడని పిల్ల పెదనాన్న అనేశాడురా" అంది. పట్టాల మాట ఎత్తుతాడేమోనని నాన్న వైపు చూశాను. ఆయన నా పళ్ళెంలో ఇంకో ముక్క వేశాడు. అది మరీ భరించలేకపోయాను.

చాలా ఏళ్ళ తర్వాత భిలాయ్‌లో ఒక పెళ్లి విందులో బిలాస్‌పూర్ సిస్టరు ఎదురుపడింది. పక్కన భర్త, చంకలో పాప. కుశలమడిగి, నవ్వుతూనే, "ఆ రోజు ఫోనెందుకు ఎత్తలేదండీ? మీ అమ్మగారి ఫోన్లోంచి చేసింది నేనేగా. దారి చెబుదామని" అంది.

నేనూ నవ్వాను, ఇంకేం చేస్తాను. ఇప్పుడు అప్పటి నన్ను తలుచుకుంటే తిట్టాలనిపించదు. ఆ పొలాల మధ్య మోగుతున్న జేబును చేత్తో నొక్కుకుని నిలబడ్డ ఆ వెర్రివాడి పక్కకు వెళ్ళి, భుజం తట్టి, "ఎత్తరా నాయనా" అని మాత్రం అనాలనిపిస్తుంది.