నాకూ నేస్తం కట్టవే

బడి కోసం బాబుకి కొన్న కొత్త చొక్కా మడత విప్పగానే గంజి వాసన గుప్పుమంది. ఆ వాసనతో నెల్లిమర్లలో మా ఇంటి వీధరుగు మీద చింతపిక్కలు వరుసగా పేర్చుకునే మా రమణన్న కళ్ళముందుకొచ్చాడు.

మిల్లు సైరన్ మోగినా, వానాకాలం చూరునీళ్ళు కాళ్ళ మీద పడుతున్నా, వీధిలో పిల్లలు కర్రాబిళ్ళాడుతూ అరుస్తున్నా అన్న తలెత్తేవాడు కాదు, పిలిస్తే పలికేవాడు కాదు. అయినా ఆ పిక్కల మధ్య అన్న ఉన్నంత సంతోషంగా ఉన్న మనిషిని నేను మళ్ళీ చూడలేదు. ఆటిజం అనే మాట అప్పుడు మా ఇంట్లో ఎవరికీ తెలియదు. "ఆడి లోకం ఆడిది" అనేది అమ్మ.

మీసాలు మొలిచే వయసులో అన్న మారాడు. పిక్కలు వదిలేసి తోటి కుర్రాళ్ళ వెనకే తిరుగుతూ, వాళ్ళు నవ్వితే నవ్వుతూ, వాళ్ళలాగే నడవబోయేవాడు. ఒకరోజు అమ్మ కొంగు పట్టుకుని "నాకూ నేస్తం కట్టవే" అన్నాడు. మా వైపు నేస్తం కట్టడమంటే పెద్దల ఎదుట బట్టలు పెట్టుకుని, మిఠాయి తినిపించుకుని, బతికినంతకాలం చుట్టాలైపోవడం; ఆపైన ఒకరినొకరు పేరుపెట్టి పిలవకూడదు. అమ్మ సంతోషంతో ఏడ్చేసింది. ఆమె ఇంకా ఎవరినీ అడగకముందే, ఎదురింటి సూరి, మా అన్న చేతిలోని నువ్వులుండ తిని, "అయిపోనాది, మనం నేస్తాలం పోరా" అని తోటివాళ్ళకి కన్నుకొట్టాడు. అన్న నమ్మేశాడు. ఆ రోజు నుంచి సూరిని పేరుపెట్టి పిలవలేదు.

సూరి అక్క పెళ్ళికి మాకు పిలుపు లేదు. నేస్తానికి పిలుపెందుకని అన్న గంజి వాసన పోని కొత్త చొక్కా తొడుక్కుని వెళ్ళి, పందిట్లో పెళ్ళికూతురి తమ్ముళ్ళ పక్కన నిలబడ్డాడు.

"ఈడెవుడ్రా? ఎవులు పిలిసినారు?" అన్నాడు మగపెళ్ళివారిలో ఒకాయన.

"నాను సూ... నేస్తాన్ని" అన్నాడు అన్న, పేరు మింగేసి.

"నేస్తమేటిరా ఎర్రోడా, ఉండ కోసం అన్నాను!" అని సూరి విరగబడి నవ్వాడు. పందిరంతా నవ్వింది. అందరూ నవ్వుతున్నారని అన్నా నవ్వాడు.

ఇంటికొచ్చాక అన్నకి అర్థమైంది. మళ్ళీ వీధిలోకి రాలేదు. అమ్మ చింతపిక్కలు తెచ్చి ముందు పోసినా ముట్టుకోలేదు. ఇప్పటికీ పిలిస్తే పలకడు, చిన్నప్పటిలాగే. ఆ సంతోషం మాత్రం లేదు.

మా బాబుకీ ఆటిజమే. పదకొండో ఏడు నడుస్తోంది. "ఈ వయసులో కొందరికి స్నేహాల మీద మనసు పుడుతుందమ్మా, మంచిదే" అన్నారు డాక్టరుగారు. ఇంట్లో అందరూ సంబరపడ్డారు. నాకు నిద్ర పట్టడం లేదు. నేస్తాలు కట్టే అలవాటు మా ఊళ్ళోనూ పోయింది. బట్టలు పట్టుకుని ఇంకో తల్లి గుమ్మం ఎక్కి, వీణ్ణి మీ బిడ్డతో కలపండని అడిగే దారి కూడా ఇప్పుడు లేదు.

నిన్న బడి గేటు దగ్గర పిల్లల గుంపును చాలాసేపు చూసి, "అమ్మా, ఆళ్ళ దగ్గరికెల్నా?" అన్నాడు బాబు.

ఇన్నేళ్ళూ ఆ మాట కోసమే మొక్కుకున్నాను. అయినా వాడి చెయ్యి వదల్లేకపోయాను.