ఓరిన్ పేకముక్కలు

అమెరికా అంతర్యుద్ధం రోజుల్లో, ఉత్తరాది వైపు పోరాడుతున్న వెర్మాంట్ రాష్ట్రపు పటాలంలో ఆసాహెల్ టటిల్‌కి తుపాకీ పనికన్నా మూటల పనే ఎక్కువ. ఊళ్ళో గుర్రాలకు జీనులు కుట్టుకునే మనిషి, నలభై దాటినవాడు, చర్చి మానని భక్తుడు. అందుకని తన దళంలో ఎవడు చచ్చిపోయినా వాడి సామాన్లు మూటగట్టి ఇంటికి పంపే పని ఆయన నెత్తిన పడింది.

దక్షిణాది వాళ్ళ మీదికి కదిలే ప్రతిసారీ దారి పక్కన పేకముక్కలు, పాచికలు కుప్పలుగా పడి ఉండేవి. దేవుడితో బేరమాడటంలో సైనికుణ్ణి మించినవాడు లేడు. చస్తే సామాన్లలో అవి అమ్మ కంటబడకూడదని ముందే పారేసేవారు. బతికితే వెనక్కొచ్చి ఏరుకునేవారు, తమవి దొరక్కపోతే పక్కవాడివి.

ఓరిన్ స్లేటర్ మాత్రం పారేసేవాడు కాదు. ఒకే గుడారంలో పడుకునే ఆసాహెల్ ఎన్నిసార్లు మందలించినా, "మా అమ్మ సంగతి నీకు తెలీదులే పెద్దాయనా," అని జేబు తట్టుకునేవాడు. మొగుడు పోయి ఒంటరిగా ఉన్న ఆ తల్లికి చివరికి ఈ పాపిష్టి ముక్కలా చేరాల్సింది అని ఆసాహెల్ మథనపడేవాడు.

మే నెలలో ఒక వాగు దాటుతుంటే ఓరిన్ తుపాకీ గుండు తగిలి పోయాడు. ఆసాహెల్ ఏడుస్తూనే జేబులు వెతికి, పేకముక్కల్ని వాగులోకి విసిరేశాడు. ఓరిన్ బైబిలు తీస్తే, కొన్నాక ఒక్కసారీ తెరవనట్టు కాగితాలు ఇంకా అతుక్కునే ఉన్నాయి. అది చూస్తే తల్లి గుండె పగులుతుందని, పదిహేనేళ్ళుగా చదివి నలిగిన తన బైబిలునే మూటలో పెట్టాడు. దువ్వెన, చాకు, సూదిదారాల సంచీ కలిపి పంపాడు. మంచిపని చేశానని చాలా రోజులు తృప్తిపడ్డాడు.

జూలైలో ఆ తల్లి హల్డా దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది.

"అయ్యా, మీరు పంపిన బైబిలు మావాడిది కాదు. వాడు రెండు వాక్యాలు చదివితే కునికేవాడు. దువ్వెనా చాకూ అందరికీ ఉంటాయి. పొయ్యి దగ్గర కూర్చుని రోజూ నాతో ఆడిన పేక ఏది? వాళ్ళ నాన్న పోయాక మేమిద్దరం మాట్లాడుకున్నదంతా ఆ ఆటలోనే. మా చర్చివాళ్ళకి తెలీకుండా నేనే వాడి జేబులో పెట్టి పంపాను."

ఆసాహెల్‌కి రెండు రోజులు తిండి సయించలేదు. బతుకులో పేకాట ఆడని ఆ మనిషి, ఓరిన్‌తో ఆడినవాళ్ళందరి దగ్గరికీ వెళ్ళి కూర్చున్నాడు. ముక్కలు ఎలా పట్టేవాడు, ఓడితే ఏమనేవాడు, దొంగాట ఆడేవాడా అని అడిగాడు. కొందరు నవ్వారు. నవ్వినవాళ్ళే అన్నీ చెప్పారు. చేతికి రాణి వస్తే ఓరిన్ ఎడమ చెవి నిమురుకునేవాడట. అందరికీ తెలిసిపోయేదట.

హల్డాకి రాసిన జవాబు మొదట్లోనే నిజం చెప్పాడు: "అమ్మా, అవి నేనే వాగులో పారేశాను. మీ బిడ్డ గురించి మీకంటే నాకే బాగా తెలుసనుకున్నాను."

తరవాత ఆరు కాగితాల నిండా వాడి ఆట రాశాడు. చెవి సంగతి అన్నిటికన్నా చివర్న రాశాడు. ఏడాదిపాటు పక్కపక్కన పడుకున్నా, ఎవరో చెప్పేదాకా అది తనకు తెలియనే తెలియదు.